మందుల పేటెంటు గడువు

మేడ్చల్ పరిసరములందును, శామీర్‌పేట దాటిన పిమ్మట తుర్కపల్లి యొద్దనున్న జీనోమ్ వ్యాలీలోను మందులు, టీకాలు తయారుచేయు కర్మాగారములు పెక్కు గలవు. మన విద్యార్థులలో కొందరి తలిదండ్రులు వానియందే పనిచేయుచున్నారు. ఒకనాడు తరగతిలో ఒక బాలుడు, “పేటెంటు గడువు తీరిన కొద్దిదినములకే చౌకమందు అంగడికెట్లు వచ్చునండీ?” అని యడిగెను. ప్రశ్న మంచిది గనుక ఇచ్చట కొంత వివరించుచున్నాము.

పేటెంటనగా, క్రొత్తదానిని కనుగొన్నవారికి, ఇతరులు దానిని చేసి యమ్మకుండ కొంతకాలమాపుటకు ప్రభుత్వమిచ్చు హక్కు. ప్రతిగా వారు తయారీ విధానమును దరఖాస్తులో వెల్లడింపవలెను. మన 1970 సంవత్సరపు చట్టము మందునకు గాక, దానిని చేయు పద్ధతికి మాత్రమే పేటెంటు నొసగెను. అదే మందును వేరొక పద్ధతిని చేయుట తప్పుగాకుండెను. హైదరాబాదు మందుల పరిశ్రమ ఆ చట్టపు నీడనే పెరిగినది. 2005 జనవరి 1 నుండి మందునకే పేటెంటు లభించుచున్నది.

గడువు 20 సంవత్సరములు. అయితే మందు అంగడికి వచ్చిననాటినుండి కాదు, దరఖాస్తు పెట్టిననాటినుండి లెక్క. పెద్దలు సైతము ఇచ్చటనే పొరబడుదురు. మూత్రపిండముల క్యాన్సరునకు, కాలేయపు క్యాన్సరునకు వాడు సొరాఫెనిబ్ అను మందును చూడుడు. 2000 జనవరి దరఖాస్తు; 2008 మార్చిలో పేటెంటు మంజూరు; 2020 జనవరిలో సమాప్తి. మంజూరైన పిమ్మట మిగిలినవి పండ్రెండేండ్లు మాత్రమే.

ఇక బాలుని ప్రశ్న. చట్టములోని 107-ఏ సెక్షను ప్రకారము, గడువు తీరకముందే ఇతరులు ప్రభుత్వానుమతికి వలయు పరీక్షలకొరకు మందును చేసికొనవచ్చును, అంగడిలో నమ్మరాదు. తమ మాత్ర అసలు మాత్రవలెనే రక్తములో కలియుచున్నదని చూపిన చాలును. రోగులపై జరిపిన దీర్ఘపరీక్షలను మొదటినుండి మరల జరుపనక్కరలేదు. వెల తగ్గుటకు ఇదియొక కారణము; పలువురు పోటీపడి యమ్ముట మరియొకటి.

అయితే గడువు తీరువరకు రోగి ఆగగలడా? సొరాఫెనిబ్ పేటెంటుదారైన బేయర్ కంపెనీ నెలకు సరిపడు 120 మాత్రలకు 2,80,428 రూపాయలు వెల పెట్టియుండెను. అంత సొమ్ము ఎందరియింట నుండును? హైదరాబాదునకు చెందిన నాట్కో కంపెనీ దరఖాస్తు పెట్టగా, 2012 మార్చి 9న ప్రభుత్వ పేటెంట్ల అధికారి దానికి నిర్బంధ లైసెన్సు నొసగెను. మన దేశమున నట్టిది అదే మొదటిది. 120 మాత్రల వెల 8,880 రూపాయలు మించరాదనియు, ఏటా కనీసము 600 మంది పేదరోగులకు ఉచితముగా నీయవలెననియు, అమ్మకముపై నూటికి 6 వంతులు బేయర్‌కు చెల్లింపవలెననియు షరతులు. ఆ 6 వంతులు 2013లో 7 అయినవి. కనుగొన్నవారి శ్రమకు ఫలము దక్కవలెననుట మాకును సమ్మతమే. ఇచ్చట వారి భాగము తగ్గినదేగాని పోలేదు. బేయర్ సుప్రీంకోర్టువరకు పోయినను, 2014 డిసెంబరులో ఆ విన్నపము త్రోసివేయబడెను.