అడవి కొలువుకు ఉద్దానం అనుభవం

బీఎస్సీ బోటనీ, జువాలజీ పూర్తిచేసిన శ్రీకాకుళం జిల్లా టెక్కలి, పలాస పిల్లలకు మనవాళ్లిచ్చే సలహా ఒకటే: బీఈడీ చెయ్యి, లేదంటే గ్రూప్స్ కోచింగ్‌లో చేరు. అడవుల మీద, వన్యప్రాణుల మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థల్లో జీతమిచ్చే ఉద్యోగాలున్నాయని చెప్పేవాళ్లు అరుదు.

ఆ పని ఎలా ఉంటుందో తెలియాలంటే తమిళనాడులోని వాల్పారై సంగతి వినాలి. మైసూరు కేంద్రంగా 1996లో మొదలైన నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్, అక్కడి ఆనమలై కొండల్లో తేయాకు తోటల నడుమ ముక్కలుగా మిగిలిన వర్షారణ్యాన్ని మళ్లీ పెంచుతోంది. స్థానిక జాతుల గింజలు ఏరి, నర్సరీలో నారు పోసి, తోటల యాజమాన్యాలను ఒప్పించి వాళ్ల భూముల్లోనే నాటించింది. ఏనుగుల వల్ల మనుషుల ప్రాణాలు పోతుంటే వాటి రాకపోకలను నమోదు చేసి, దగ్గర్లో ఏనుగుందని ఫోన్లకు సందేశాలు పంపే ఏర్పాటు చేసింది. దూరం నుంచే కనిపించే ఎర్ర దీపాలూ పెట్టించింది. ఈ పనిలో పరిశోధన ఎంతుందో, ఊరివాళ్లతో పొత్తూ అంతే ఉంది.

ఇక మన ఉద్దానం సంగతి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగుబంటి దాడిలో ఒక రైతు చనిపోయాడు, మరికొందరు గాయపడ్డారు. జీడి, పనస పండే రోజుల్లో ఎలుగులు ఏ తోటల మీదుగా వస్తున్నాయి? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చెట్లను కూల్చాక ఎలుగుల దారులు మారాయా? ఇవన్నీ పొద్దున్నే తోటకెళ్లే రైతులు, జీడిపిక్కలేరే ఆడవాళ్లు చెప్పాల్సిన సంగతులు. డెహ్రాడూన్ నుంచి వచ్చిన పరిశోధకుడికి పొడిపొడిగా జవాబిచ్చే పెద్దాయన, మీరు ఫలానావాళ్ల మనవడని, మనవరాలని తెలిస్తే అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడతాడు. ఇంటర్వ్యూలో ముందు చెప్పుకోవాల్సిన అర్హత ఇదేనని నా అభిప్రాయం.

పక్షుల సంగతీ అంతే. మన జిల్లాలోని తేలినీలాపురానికి ఏటా వచ్చే పెలికాన్లు సైబీరియా నుంచి వస్తాయని అందరం అంటాం, పత్రికలూ రాస్తాయి. నిజానికి ఆ జాతి గూళ్లు కట్టేది దక్షిణ, ఆగ్నేయాసియాల్లోనే. మరి మిగతా నెలలు ఎక్కడ గడుపుతున్నాయి? మంచి ఎమ్మెస్సీ ప్రాజెక్టు మీ ఊరి చెట్ల మీదే ఉంది.

ఇలాంటి లెక్కలు దేనికంటే, సోంపేట బీలను గుర్తు చేసుకోండి. అది బీడు కాదు, వరికీ చేపలకూ మేతకూ ఆధారమైన చిత్తడి నేల అని, అక్కడ తలపెట్టిన థర్మల్ ప్లాంటుకు వ్యతిరేకంగా ఊళ్లు పోరాడాయి. 2010 జులైలో ఆ పోరాటం కాల్పుల దాకా వెళ్లింది. చివరికి ఆ ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దయింది. ఒక నేలలో ఏమేం బతుకుతున్నాయో రాసి ఉంచిన జాబితాకు అలాంటి వేళ ఎంత విలువో వేరే చెప్పక్కర్లేదు.

మొదటి అడుగుకు సముద్రతీరం మంచి చోటు. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. సుప్రజా ధారిణి 2002లో చెన్నైలో ప్రారంభించిన ట్రీ ఫౌండేషన్, అటవీశాఖతో, మత్స్యకార యువకులతో కలిసి మన జిల్లా తీరంలోనూ హేచరీలు నడిపింది. ఒక సీజను రాత్రిళ్లు ఇసుకలో నడిస్తే ఈ పని మీకు సరిపడుతుందో లేదో తేలిపోతుంది. రోజూ చూసిన పక్షులను ఈబర్డ్‌లో నమోదు చేయండి. మ్యాపులు గీయడానికి క్యూజీఐఎస్ నేర్చుకోండి, ఆ సాఫ్ట్‌వేర్ ఉచితం.

పై చదువుకు డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థ, బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో వైల్డ్‌లైఫ్ ఎమ్మెస్సీలున్నాయి. సీట్లు చాలా తక్కువ, పోటీ దేశమంతటి నుంచీ ఉంటుంది. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ వస్తే నెలకు రూ.37,000 ఫెలోషిప్. ప్రభుత్వ కొలువే కావాలంటే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు ఇంటర్ చాలు. అయితే 4 గంటల్లో మగవాళ్లు 25, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాలి.

సంస్థల్లో చేరేవాళ్లకు ఒక హెచ్చరిక. చాలా ఉద్యోగాలు ప్రాజెక్టు కాంట్రాక్టులే. నిధులు ఆగితే ఉద్యోగమూ ఆగుతుంది. జీతం, ప్రయాణ ఖర్చులు, ప్రమాద బీమా గురించి చేరకముందే రాతపూర్వకంగా అడగండి. శిక్షణ పేరుతో ముందే డబ్బు కట్టమంటే, అక్కడ ఇదివరకు పనిచేసినవాళ్లతో మాట్లాడకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి.