రెండు ఆటపెట్టెల మధ్య ఒక తీగ

జపానుకు చెందిన నింటెండో కంపెనీ 2001లో రెండు ఆటపెట్టెలు విడుదల చేసింది. చేతిలో ఇమిడేది గేమ్‌బాయ్ అడ్వాన్స్. టీవీకి తగిలించేది గేమ్‌క్యూబ్. రెంటినీ కలిపే తీగను కూడా అమ్మింది. 2006లో వచ్చిన 'వీ' పెట్టె తొలి నమూనాకూ ఆ తీగ సరిపోతుంది.

మీరు ఆటలో ఎంతవరకు వచ్చారో కొన్ని కార్ట్రిడ్జ్‌లు చిన్న బ్యాటరీ సాయంతో గుర్తుంచుకొంటాయి. బ్యాటరీ అయిపోతే ఆ గుర్తు చెరిగిపోతుంది. ముందే నకలు తీయడం ఎట్లా? అందుకు వాడకందార్లే ప్రోగ్రాం రాసుకొన్నారు. ఇటువంటి సొంత ప్రోగ్రాంలనే 'హోంబ్రూ' అంటారు.

అది పనిచేసే తీరు చూడండి. స్టార్ట్, సెలెక్ట్ బొత్తాలు నొక్కిపట్టి గేమ్‌బాయ్ మీట వేస్తే, అది కార్ట్రిడ్జ్‌లోని ఆటను మొదలుపెట్టదు; తీగ వెంట వచ్చే ప్రోగ్రాం కోసం ఎదురుచూస్తుంది. అప్పుడు 'వీ' ఒక చిన్న ప్రోగ్రాంను పంపుతుంది. అది 256 కిలోబైట్లు మించరాదు. ఆ ప్రోగ్రాం కార్ట్రిడ్జ్‌ను చదివి, నాలుగేసి బైట్ల చొప్పున 'వీ'కి అందిస్తుంది. 'వీ' వాటిని ఎస్‌డీ కార్డులో దాస్తుంది.

మన కోనసీమ కాలువల లాకుల్లో ఒకప్పుడు పడవను దాటించిన పద్ధతి గుర్తు తెచ్చుకోండి. ఒక తలుపు మూసి, నీటిమట్టం సమానమైన తరువాతే రెండవ తలుపు తెరిచేవారు. ఇక్కడా అంతే. మొదటి నాలుగు బైట్లు అందిన తరువాతే తరువాతివి బయలుదేరాలి. తొందరపడితే కొన్ని దారిలోనే పోతాయి, నకలు పాడవుతుంది.

అయితే ఇది మీరు కొన్న ఆటను కాపాడుకోవడానికే. నకళ్ళు తీసి పంచిపెట్టడం చట్టవిరుద్ధం.

లెక్క కట్టండి: 1 కిలోబైటుకు 1024 బైట్లు. 32 కిలోబైట్ల గుర్తును పంపడానికి ఎన్ని విడతలు కావాలి?