బోదకాలు: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

గోదావరి డెల్టా వాసులకు బోదకాలును మేము పరిచయము చేయనక్కరలేదు. కొందరు దీనిని కర్మఫలమనిరి, కొందరు నీటిదోషమనిరి. రెండవ మాటలో కొంత నిజము కలదు. ఐతే దోషము త్రాగునీటిది కాదు, మురుగునీటిది.

వ్యాధికి మూలము దారమువంటి సన్నని పురుగు. ఇది శోషరస నాళములలో ఏండ్ల తరబడి నివసించి, లెక్కకు మించిన పిల్లలను కనును. ఈ పిల్లపురుగులు పగలు లోపలి అవయవములలో దాగియుండి, రాత్రివేళ చర్మము చెంతనున్న రక్తములోనికి వచ్చును. మురుగులో పెరుగు క్యూలెక్సు దోమ కుట్టునదియు రాత్రియే! ఇందుచేతనే ఆరోగ్య సిబ్బంది రాత్రి ఎనిమిది దాటిన పిమ్మట వచ్చి వ్రేలినుండి రక్తపు చుక్క తీసికొందురు. నిద్రవేళ తలుపు తట్టినారని కోపించువారికి సభ్యులు ఈ కారణమును విప్పి చెప్పవలెను.

దీనికి మందు డి.ఇ.సి. మాత్ర. ఇది 1940 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందినది. అచట పరిశోధనలకు నాయకత్వము వహించినవారు 1895లో భీమవరమున జన్మించి, బాల్యమున రాజమహేంద్రవరమున చదివిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. మన వీధులలోని వ్యాధికి మనవాని చేతిమీదుగా మందు వచ్చుట మాకు గర్వకారణమే. 1948లో ఆయన అమెరికాలోనే మరణించిరి. 1955లో మన దేశమున బోదవ్యాధి నివారణ కార్యక్రమము మొదలైనది. రాజమహేంద్రవరమున దీనికై పరిశోధన, శిక్షణ కేంద్రము ఏర్పడినది.

2004 నుండి, వ్యాధిగల జిల్లాలలో ఏటేట అందరికిని డి.ఇ.సి. మాత్రను పంచు పద్ధతి వచ్చినది; పిమ్మట దానితోపాటు ఆల్బెండజోల్ మాత్రయు చేర్చబడినది. చిక్కంతయు ఇచటనే. "నా కాలు బాగుగనే యున్నది, నాకు మాత్ర యెందుకు?" అని అనేకులు దానిని జేబులో వేసికొందురు. వాపు లేనివాని రక్తములోను పురుగులుండవచ్చును; దోమ వానినుండియే పొరుగువానికి చేర్చును. మాత్ర వేసికొన్న పిదప కొందరికి జ్వరము, తలనొప్పి వచ్చును. చచ్చిన పురుగులవలన కలుగు ఈ బాధ సాధారణముగ ఒకటి రెండు దినములలో తగ్గును. రెండేండ్లలోపు బిడ్డలకు, గర్భిణులకు, తీవ్రముగ జబ్బుపడినవారికి మాత్రము ఈయరాదు. తక్కినవారు అన్నము తిని, పంచువారి ఎదుటనే మ్రింగవలెను.

మురుగుకాలువలు పారునట్లు చూచుట పంచాయతీ పనియే. మరుగుదొడ్డి గాలిగొట్టమునకు దోమవల కట్టించుట స్వల్పవ్యయము.

ఇక ముదిరిన వాపు మాత్రలతో పోదు. అట్టివారు కాలిని దినదినము సబ్బుతో కడిగి, వ్రేళ్ల సందులు తడి లేకుండ తుడిచి, పుండ్లు పడనీయక కాపాడుకొన్నచో, మాటిమాటికి వచ్చు జ్వరమును నొప్పియు చాలవరకు తగ్గును.