బొమ్మలో లేని మనిషి

జూలైలో ఆరో తరగతి పిల్లలకు ‘మై మదర్’ అని ఇంగ్లీష్‌లో పది వాక్యాలు రాసి, పక్క పేజీలో బొమ్మ వేయమన్నాను. ఏటా ఇచ్చే వర్కే. ఒక పాప ఒక్క వాక్యం కూడా రాయలేదు. బొమ్మ మాత్రం వేసింది. దండెం మీద ఆరేసిన ఆకుపచ్చ చీర, కింద బకెట్, పక్కన తులసి కోట. మనిషి లేదు. నేను ఎర్ర పెన్నుతో ‘వేర్ ఈజ్ మదర్? ఇన్‌కంప్లీట్’ అని రాసి ఇచ్చేశాను.

వాళ్ళమ్మగారు వేసవి సెలవుల్లో పోయారని మర్నాడు క్లాస్ టీచర్ చెబితే తెలిసింది. వారానికి 160 నోట్‌బుక్స్ దిద్దుతాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, అది సాకే. పాప నాన్నగారిని అడిగి, ఆయన సరేనన్నాకే ఈ సంగతి మీకు రాస్తున్నాను.

ఆ వారమే మా ఆర్ట్ సార్ నాకు కేథె కోల్విట్జ్ బొమ్మల పుస్తకం ఇచ్చారు. ఆమె జర్మన్ చిత్రకారిణి. భర్త కార్ల్ బెర్లిన్‌లో కార్మికుల పేటలో డాక్టర్. 1903లో ఆమె, చనిపోయిన బిడ్డను పట్టుకున్న తల్లి బొమ్మను రాగిరేకు మీద చెక్కి అచ్చు వేశారు. ఆ తల్లి ఏడుస్తున్నట్టు ఉండదు. బిడ్డను మళ్ళీ తన ఒంట్లోకి లాక్కుంటున్నట్టు ఉంటుంది. ఆ బొమ్మ కోసం ఆమె ఏడేళ్ళ కొడుకు పీటర్‌ను ఒళ్ళో పట్టుకుని, అద్దంలో చూసుకుంటూ గీశారు. బరువుకు ఆమె మూలిగితే, ఊరుకో అమ్మా, బొమ్మ చాలా బాగా వస్తుందిలే అని పిల్లాడే ఓదార్చాడట.

1914లో యుద్ధం మొదలైంది. పీటర్‌కు 18 ఏళ్ళు. సైన్యంలో చేరాలంటే తండ్రి అనుమతి కావాలి. తండ్రి వద్దన్నారు. కొడుకు పట్టుదల చూసి, ఆయనను ఒప్పించింది తల్లే. అక్టోబర్‌లో బెల్జియంలో పీటర్ చనిపోయాడు.

కొడుకు కోసం ఒక స్మారకం చెక్కాలని ఆ ఏడాదే అనుకున్నారు. పడుకున్న కొడుకు, అటూ ఇటూ తల్లిదండ్రులు, ఇదీ మొదటి ఆలోచన. కుదరలేదు. మధ్యలో కొన్నేళ్ళు పక్కన పెట్టేశారు, మళ్ళీ మొదలుపెట్టారు. చివరికి 1932లో సమాధుల దగ్గర నిలిపినప్పుడు అందులో కొడుకు లేడు. మోకాళ్ళ మీద తండ్రి, విడిగా తల వంచుకుని తల్లి, అంతే. ఇప్పుడు బెల్జియంలోనే వ్లాడ్‌స్లో శ్మశానంలో ఉన్నాయి ఆ విగ్రహాలు. మొదలుపెట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ళు పట్టింది. పీటర్ బతికిందీ అన్నేళ్ళే.

అది చదివాక నా ఎర్ర రాత గుర్తొచ్చి సిగ్గేసింది.

పేరెంట్స్‌కు నా మనవి ఒకటే. ఇంట్లో ఎవరైనా పోతే, నాయనమ్మ అయినా సరే, డైరీలో ఒక్క లైను రాయండి. మాకు తెలియాలి. పిల్లలు బొమ్మ వేస్తే ‘ఇదేంటి, అమ్మను వేయలేదే?’ అనకండి. బొమ్మలో ఉన్నదాని గురించే అడగండి, చెప్పకపోతే వదిలేయండి. నెలలు గడిచినా తిండీ నిద్రా సరిగ్గా లేకపోతే మాత్రం కౌన్సిలర్‌కో డాక్టర్‌కో చూపించాలి, బొమ్మలతో సరిపెట్టకూడదు. ఇక పరీక్షల ముందు ఆర్ట్ పీరియడ్ లాక్కునే అలవాటు మా టీచర్లదే. గ్రామర్ కోసం నేనూ లాక్కున్నాను.

పాపకు సారీ చెప్పి, ఆ చీర గురించి అడిగాను. కిందటేడు యాన్యువల్ డేకి అమ్మ కట్టుకొచ్చిందట. నా ఎర్ర రాత మీద తెల్ల కాగితం అంటించబోతే, “వద్దు మిస్, అక్కడ ఇంకా చోటుంది” అని నోట్‌బుక్ తీసుకుంది. బకెట్ పక్కన ఒక జత చెప్పులు వేసింది.