చలినాళ్లలో తూము దగ్గర కొర్రమీను
కంభము చెరువంత పెద్దవి కాకున్నను, దొనకొండ పరిసరపు చెరువులలోను కొర్రమీను కలదు. కార్తీకము వెళ్లిన పిమ్మట తెల్లవారుజామున గాలము వేయుట వృథా యని మేము చెప్పుదుము. చేప ఒంటివేడి నీటిని బట్టి మారును; చలినీటిలో అది మందగించి ఎరకై దూరము పోదు. కావున పొద్దెక్కి కట్టరాళ్లు వెచ్చబడినపుడు తూము ప్రక్కను, తుంగ అంచునను బెడిస పిల్లను ఎరగా వేయవలెను. కొర్రమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చును. ఆ బుడగలు లేచిన చోటే మన గురుతు. చెరువు పాట సహకార సంఘమునకు ఉన్నచో ముందు వారి అనుమతి పొందుడు.

ఈ నెలలలో అరుదుగానైనను, ఎర్రని పిల్లలగుంపు నీటిపై కదలుట కనిపించిన అచట గాలము వేయకుడు. వాని క్రింద పెద్దచేప కాపలా యుండును. అది చిక్కినచో పిల్లలను ఇతర చేపలు మ్రింగివేయును.