శాంటలైనస్ అంటే చందనం కాదండీ!

పై వీడియోలో ఉన్నది మన తిరుమల కొండల ఎర్రచందనం, టెరోకార్పస్ శాంటలైనస్. రెండో మాట లాటిన్ విశేషణం. మన ‘చందనం’ గ్రీకు మీదుగా లాటిన్‌లో ‘శాంటలం’ అయింది. దానికి ‘ఇనస్’ చేరితే చందనం లాంటిది అని. లాంటిదే, శ్రీగంధం సువాసన దీనికి లేదు.

తెల్ల ఆవు, తెల్ల ఎద్దు... మనకు ‘తెల్ల’ మారదు. లాటిన్‌లో మారుతుంది. టెరోకార్పస్ పుంలింగం, అందుకే ‘ఇనస్’. శ్రీగంధం పేరు శాంటలం ఆల్బమ్. శాంటలం నపుంసకం, అందుకే తెల్లనిది అనే ‘ఆల్బస్’ కాస్తా ‘ఆల్బమ్’ అయింది.

నేను చీటీలో ‘శాంటల’ వరకే చదివి, ఎర్రచందనం అనుకుని శ్రీగంధం మొక్కలు తెచ్చి ఒంటరిగా నాటేశా. అదేమో పక్క మొక్కల వేర్ల నుంచి ఆహారం లాగే చెట్టు! సగం ఎండిపోయాయి. ఈసారి పక్కనే కంది వేశాను, వచ్చే వీడియోలో చూపిస్తా.