భీమిలికి ఒక్క సాయంత్రం చాలదమ్మా

పిల్లలు అక్కడున్నారనో, ప్యాకేజీ టూరు కుదిరిందనో ఈమధ్య మన విశాఖలో ఏ నలుగురు ఆడవాళ్లు కలిసినా ఆమ్‌స్టర్‌డామ్ మాటే. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. కానీ ఆ డచ్చివాళ్లే వచ్చి కాపురమున్న పట్నం మనకి పాతిక కిలోమీటర్లలో ఉంది. భీమిలి చూడనివాళ్లెవరంటారా? బీచిలో గంటసేపు కూర్చుని, మొక్కజొన్న పొత్తు తిని వచ్చేయడం కాదు నేననేది. ఒక రోజంతా దానికిచ్చేయండి.

ఎండెక్కకముందే కాంప్లెక్స్‌లో బస్సెక్కి కుడివైపు కిటికీ పట్టుకోండి, దారిలో సముద్రం కనిపిస్తూ ఉంటుంది. దిగాక ముందు డచ్చి సమాధుల దగ్గరికే నడవండి. కోసుగా పైకి లేచిన కట్టడాలు, పెచ్చులూడిన సున్నం, పలకల మీద చెక్కిన పేర్లు. తేదీలు పిల్లల చేత చదివించండి. 17వ శతాబ్దంలో బట్టల వ్యాపారానికి ఓడెక్కి వచ్చారు వీళ్లు. నాకు మాత్రం అక్కడ నిలబడితే వాళ్ల తల్లులే మనసులో మెదులుతారు. కొడుకు పోయాడన్న కబురు సముద్రాలు దాటి చేరేసరికి ఎన్ని నెలలు పట్టేదో!

1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది, 1861కల్లా మునిసిపాలిటీ అయింది. గోగునార ఈ రేవు నుంచే ఎగుమతయ్యేది. మన గోంగూర జాతి మొక్క నారే అది! విదేశీ వర్తకులు దాన్ని ‘బిమ్లీ జ్యూట్’ అని భీమిలి పేరుతోనే కొనేవారు. 1933లో విశాఖ హార్బరు తెరిచాక ఇక్కడి సందడి తగ్గింది. మన పోర్టును చూసి మురిసిపోయే మనం భీమిలికి ఆ మాత్రం రుణపడి ఉన్నామనే నా నమ్మకం.

లైట్‌హౌసూ గడియార స్తంభమూ నడకలోనే అయిపోతాయి. పావురాలకొండ మీది నరసింహస్వామి గుడికి మాత్రం మోకాళ్లు సహకరిస్తేనే ఎక్కండి, మంచినీళ్లు మరవొద్దు. గోస్తనీ సముద్రంలో కలిసే చోట ఒడ్డునుంచే చూడండి, పిల్లల్ని నీళ్లలోకి దించకండి.

ఎర్రమట్టి దిబ్బలు తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి, ఎండ వాలాక ఆ ఎరుపే వేరు. వేల ఏళ్లపాటు గాలీ నీరూ పేర్చిన ఇసుక అది, కాలు పడితే రాలిపోతుంది. అంచులెక్కి ఫోటోలు దిగొద్దని ఇంట్లోనే పిల్లలకి గట్టిగా చెప్పి బయల్దేరండి.